టీచరమ్మగారు వెతికిన పాలరాయి

మా టీచరమ్మగారు ప్రభువునందు నిద్రించారని మంగళవారం పొద్దున్న సంఘం వాట్సాప్ గ్రూపులో పాస్టరుగారు పెట్టారు. గంట తిరక్కుండా గ్రూపు నిండా చేతులు జోడించిన బొమ్మలు. నేను పెట్టలేదు. ఆవిడ చివరి మూడేళ్ళు నెమ్మది లేకుండా గడిపారంటే కారణం నేను. ముందు ఆ సంగతి చెప్పకుండా ఆవిడ గురించి మంచి మాటలు రాసే అర్హత నాకు లేదు.

మాది నిడదవోలు దగ్గర చిన్న ఊరు. అక్కడ పాత మెథడిస్టు చర్చి ఉండేది. ఆవిడ బడిలో ఇంగ్లీషు చెప్పేవారు, ఆదివారాలు మాకు సండే స్కూలు నడిపేవారు. నాకు రైల్వేలో ఉద్యోగం వచ్చిందంటే ఆవిడ ఇంటి అరుగు మీద ఊరికే నేర్పిన ఇంగ్లీషు వల్లే.

చర్చి లోపల ఎడమ గోడకి ఒక పాలరాయి ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధంలో మూటలు మోయడానికి, కందకాలు తవ్వడానికి ఓడెక్కి ఇరాక్‌లోని బస్రా వెళ్ళి, తిరిగి రాని మా ఊరివాళ్ళ పేర్లు దాని మీద ఇంగ్లీషు అక్షరాల్లో చెక్కి ఉండేవి. వాళ్ళలో ఒకరు ఆవిడ తాతగారు, అమ్మకి నాన్న. ఆ అమ్మ ఇంకా పుట్టకముందే వెళ్ళిపోయారట. ఆయనకి సమాధి లేదు, ఫొటో లేదు. రాతి మీద ఆ ఒక్క వరసే.

సండే స్కూలు అయ్యాక మమ్మల్ని రాయి ముందు నిలబెట్టి పేర్లు చదివించేవారు. దొరలు చెక్కించిన ఆ స్పెల్లింగులకి మేం కిసుక్కున నవ్వేవాళ్ళం. ఆవిడ కోప్పడేవారు కాదు. "నవ్వండి, పర్లేదు. కానీ పైకి చదవండి. వాళ్ళని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇంకెవరూ లేరు," అనేవారు. తర్వాత చీర కొంగుతో రాయి తుడిచి, మాకు తలా రెండు జీళ్ళు పెట్టేవారు.

మూడేళ్ళ కిందట, కప్పు కారుతోందనీ, జనం పట్టడం లేదనీ, చర్చి పడగొట్టి పెద్దది కట్టాలని సంఘం తీర్మానించింది. బిల్డింగ్ కమిటీకి నేను సెక్రటరీని. ఆవిడ మా ఇంటికి వచ్చి ఒక్కటే అడిగారు.

"గోడ పడగొట్టే ముందు రాయి ఊడదీయించి పక్కన పెట్టించు నాయనా. కొత్తదాంట్లో ఏ మూల పెట్టినా సరే."

"అది నా పూచీ అండి," అన్నాను.

మర్చిపోయాను. చెప్పుకోవడానికి అంతకంటే కారణం ఏమీ లేదు. జేసీబీ వచ్చిన రోజు నేను రాజమండ్రిలో, చందాలిచ్చినవాళ్ళ పేర్లు చెక్కించే బోర్డుకి నల్ల గ్రానైటు ఎంచుతున్నాను. సాయంత్రం తిరిగొచ్చేసరికి గోడ లేదు. ఎదురుగా టీచరమ్మగారు గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నారు.

"రాయి ఎక్కడ పెట్టించావు?"

"పాస్టరుగారింట్లో భద్రంగా ఉందండి."

ఆ అబద్ధం నాలుగు రోజులు నిలిచింది. ఐదో రోజు ఆవిడ రాయి తుడుద్దామని మెత్తటి గుడ్డ పట్టుకుని పాస్టరుగారింటికి వెళ్ళారు.

పడగొట్టిన ఇటుకా సున్నం పెళ్ళలూ ట్రాక్టర్ల మీద వెళ్ళి, కాలవ పక్కన ఒక పల్లపు స్థలాన్ని మెరక చేయడానికి పడ్డాయి. ఆవిడ రోజూ అక్కడికి వెళ్ళి గొడుగు మొనతో పెళ్ళలు పొర్లించేవారు. నేనూ రెండు రోజులు వెళ్ళాను. స్థలం గలాయన వచ్చి, "ఏంటండీ వెతుకుతున్నారు? బంగారం గానీ పోయిందా?" అని నవ్వాడు.

"మా తాతయ్యండి," అన్నారావిడ, తలెత్తకుండా.

రాయి దొరకలేదు. కొత్తది చేయిద్దామని సంఘం మీటింగులో అన్నాను. ఒక పెద్దాయన విసుక్కున్నారు. "ఎప్పుడో తెల్లోళ్ళ యుద్ధమండి. మనకెందుకండి ఇప్పుడు?"

టీచరమ్మగారు వెనక కుర్చీలోంచి లేచారు. "యుద్ధం వాళ్ళదేనండి. చచ్చిపోయింది మనోళ్ళండి."

పేర్లు రాసి తెస్తే చూద్దామన్నారు చివరికి. ఆ పేర్లు ఇంకే కాగితం మీదా లేవని అందరికీ తెలుసు.

పదకొండు పేర్లలో ఆవిడకి పది వచ్చు. ఒకటి ఎంతకీ గుర్తురాక నాకు ఫోన్ చేశారు. "మా తాతయ్య పేరు కింద పేరు. నువ్వు గడగడా చదివేవాడివి కదా, చెప్పు నాయనా."

నాకు ఆ ఒక్కటే కాదు, ఏ పేరూ గుర్తు లేదు. నవ్వడం మాత్రమే గుర్తుంది.

"పోనీలే," అన్నారు. "ఆయన్నొక్కణ్ణీ వదిలేసి మిగతావాళ్ళని ఎక్కించడం బాగోదు. గుర్తొచ్చాకే ఇస్తాను."

కొత్త చర్చి ప్రతిష్ఠ రోజున ఆవిడ వచ్చి గ్రానైటు బోర్డు మొదటినుంచీ చివరిదాకా చదివారు. అందులో మూడో పేరు నాది. "అక్షరాలు బాగా కుదిరాయి," అన్నారు. ఆ మాటలో వెటకారం లేదు. ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

బుధవారం సమాధుల తోట నుంచి తిరిగొచ్చాక ఆవిడ చెల్లెలి కూతురు బైబిల్లోంచి ఒక కాగితం తీసింది. "పెద్దమ్మ మీకిమ్మందండి," అంది. పది పేర్లు సిరాతో, బడి పిల్లలకి రాసినంత గుండ్రంగా ఉన్నాయి. తాతగారి పేరు కింద వరసలో పెన్సిలుతో ఏదో రాసి, చెరిపి, మళ్ళీ రాసి, మళ్ళీ చెరిపి ఉంది. అక్కడ కాగితం అరిగి చిరిగిపోయింది. ఆ చిరుగులోంచి, కాగితం పట్టుకున్న నా చూపుడువేలు కనిపించింది.