కడగని స్పాంజి

టీచరమ్మ పోయారని ఆమె భర్త, మా అంకుల్, ఫోన్ చేసినప్పుడు నేను క్యాంపస్‌లో లైబ్రరీ మెట్ల మీద ఉన్నాను. గుండెపోటు అన్నారు. నాకు వెంటనే ఏడుపు రాలేదు. చేపలు గుర్తొచ్చాయి. వాటినింకా కొత్త ట్యాంకులోకి మార్చలేదు కదా! ఇలాంటప్పుడు ఇదేం ఆలోచన అని నన్ను నేను తిట్టుకుంటూనే తార్నాక వైపు నడిచాను.

ఆమె ఇంట్లోనే, కింది గదిలో నేను అద్దెకుంటాను. బడిలో చాలా ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరయ్యారు కాబట్టి వీధిలో అందరికీ ఆమె టీచరమ్మే. పైన వాళ్ల హాల్లో ఒక చిన్న గాజు ట్యాంకు, అందులో నాలుగు బంగారు చేపలు. కొన్నప్పుడు వేలెడంత కూడా లేవట. ఇప్పుడు అరచేయంత పెరిగి, తిరగడానికి చోటు లేక, పైకొచ్చి నోళ్లు తెరిచేవి. వాటిని చూస్తే నాకూ ఊపిరాడేది కాదు.

"భయమైతుంది టీచరమ్మా" అన్నానొకసారి.

"భయమంటె ఎవలికి సమజైతది? దేనికి భయమో ఆ మాట చెప్పు."

నా రాతలు చదివినా అదే పద్ధతి. 'ఎంతో' అన్న మాట కనిపిస్తే చాలు, పెన్సిలుతో సున్నా చుట్టేవారు. "మంచిగున్నది బిడ్డా. గని ఏం చూసినవో గది రాయలే."

పెద్ద ట్యాంకు కొన్నాక, దానికి ఏ ఫిల్టరు పెట్టాలన్నది పెద్ద చర్చ అయింది. హబ్సిగూడ దుకాణానికి నన్నూ వెంట తీసుకెళ్లారు. షాపతను ట్యాంకు కింద పెట్టే మూత బిగించిన డబ్బా ఫిల్టరు చూపించాడు.

"మేడమ్, గిది పెడితె నెలల దాక చూసుడే అవసరం లేదు."

"చూడకుంట ఉండెటానికైతే చేపలెందుకు భయ్? ఫొటో పెట్టుకుంట. కరెంటు పోయి ఆ డబ్బల నీళ్లు ఆగిపోతె ఏమైతది?"

అతను నవ్వి, తల గోక్కున్నాడు. చివరికి గాలి పంపుతో నడిచే పెద్ద స్పాంజి ఫిల్టరు తీసుకున్నారు. దాన్ని కొత్త ట్యాంకులో పెడతారనుకున్నాను. పాత ట్యాంకులోనే, అప్పటికే అందులో నడుస్తున్న చిన్న పాత స్పాంజి పక్కన దించారు.

"గీడ ఉండి ముందుగాల మురికి పట్టాలె. ఆ మురికిల కండ్లకు కనవడని జీవాలుంటయి. చేపలు చేసిన ఖరాబంత అవ్వే తింటయి. అవి లేకుంట చేపలను కొత్త నీళ్లల్ల ఇడిస్తె, నీళ్లు మంచిగనే కనవడ్తయి, చేపలు సస్తయి."

కొత్త ట్యాంకు నింపిన రోజు గాజుకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టారు.

"నిమ్మకాయ గూడ కట్టు, రోడ్డెక్కుతది" అన్నారు అంకుల్.

"నీ స్కూటర్ కంటె మంచిగనే నడుస్తది."

ఆ స్పాంజికి పూర్తిగా మురికి పట్టకముందే ఆమె పోయారు.

దినాలకు ముందు ఇల్లంతా కడిగారు. మైల అని బిందెల్లో, బకెట్లలో నిల్వ ఉన్న నీళ్లన్నీ పారబోశారు. మౌలాలి నుంచి వచ్చిన టీచరమ్మ అక్కను నేను పెద్దమ్మ అంటాను. పొద్దుటి నుంచీ ఆమె చీపురు వదల్లేదు. నేను పైకి వెళ్లేసరికి పెద్ద స్పాంజి నల్లా కింద కడిగేసి, పిట్టగోడ మీద ఆరేసి ఉంది. పెద్దమ్మ కొంగు దోపుకుని పాత స్పాంజి కోసం ట్యాంకులో చేయి పెట్టబోతోంది. చావింట్లో, అద్దెకుండే పిల్ల, పెద్దవాళ్ల పనికి అడ్డం చెప్పడమా?

"పెద్దమ్మా, గది వద్దు."

"ఎందుకొద్దే? ఎంత పాకురు వట్టిందో సూడు. మా చెల్లె గింత మురికి ఉంచేదా?"

భయమైతుందని అనబోయి ఆగాను.

"ఆమెనే కావాలని ఉంచింది పెద్దమ్మా. నల్లా నీళ్లల్ల క్లోరిన్ ఉంటది. కడిగితే అండ్ల జీవాలు సచ్చిపోతయి. ఒకటి కడిగేసిన్రు, ఇగ మిగిలింది ఇదొక్కటే. ఇది గూడ పోతె చేపలు బతకవు."

పెద్దమ్మ అంకుల్ వైపు చూసింది. ఆయన కుర్చీలోంచి మెల్లగా లేచారు.

"ఉండనియ్ వదినా. నన్ను గూడ ఎన్నడు దాన్ని ముట్టనియ్యలే."

ఆమె చేయి వెనక్కి తీసుకుంది. "మరి గీ నీళ్లో? మైల నీళ్లాయె" అంది. కాసేపు చేపలను చూసి, కొంగుతో కళ్లొత్తుకుంది. "చేపలకేం మైల తియ్."

చిన్న ట్యాంకులో చేపలకు ఇక చోటు లేదు. అందుకే ఆ మధ్యాహ్నం పాత స్పాంజిని మురికితో సహా, దాని నీళ్లతో సహా, నింపి రోజులై క్లోరిన్ పోయిన కొత్త ట్యాంకులోకి మార్చాం. తర్వాత చేపలను వదిలాం. అంత పెద్ద ఇంటికి ఆ చిన్న స్పాంజి చాలుతుందో లేదో తెలియదు. కడిగిన దాన్ని కూడా పక్కనే దించాం, మళ్లీ మొదటి నుంచి మురికి పట్టాలి. అంతవరకూ నీళ్లు ఎక్కువ ఖరాబు కాకుండా మేత చిటికెడే. రోజూ క్లాసుకు వెళ్లే ముందు పైకి వెళ్లి నీళ్ల వాసన చూస్తాను. నీళ్లు మసకబారాయా, నా కళ్లజోడా అని రెండుసార్లు తుడుచుకుంటాను. ఏం చూశానో అంకుల్‌కు ఒక్కో మాటా సరిగ్గా చెప్తాను. ఆయనకూ ఇప్పుడు ఆ మాటలు కావాలి.

ఇల్లంతా తుడిచిన పెద్దమ్మ ఆ కుంకుమ బొట్టును మాత్రం తుడవలేదు. ఇవాళ పొద్దున తోక చిరిగిన చేప ఒకటి వచ్చి దాని ఎదుట ఆగింది. మేత అనుకుందేమో, లోపలి నుంచి గాజుకు నోరు ఆనించి, తీసి, మళ్లీ ఆనించింది. దాని వెనుక పాత స్పాంజి మీది నుంచి బుడగలు పైకి వస్తూనే ఉన్నాయి.