నొప్పుల సెట్టు

మా అత్త పలాసలో జీడి ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళు నేలమీద కూర్చుని పిక్కలు కొట్టింది. పని మానేసి కవిటికి, మా దగ్గరికి వచ్చేసరికి ఆమె మోకాళ్ళు మడత పడేవి కావు. మామ పోయాక నిద్ర కూడా పోయింది. టెక్కలిలో డాక్టరు నిద్రమాత్ర రాసి, రాత్రికి సగమే వెయ్యమన్నారు. ఇంకే మందు వేయాలన్నా ముందు తనకు చూపించమన్నారు. తల ఊపాను.

నొప్పులకు మాత్రం మా ఊళ్ళో ఎవరూ డాక్టరు దగ్గరికి వెళ్ళేవారు కాదు. మందుల షాపులో "నొప్పుల సెట్టు ఒకటి" అంటే చాలు, నాలుగు షీట్లలోంచి తలా ఒక బిళ్ళ తీసి కాగితంలో చుట్టి ఇచ్చేవారు. పేర్లు ఎవరూ అడగరు. తెల్లది, పసుపుది, గొట్టం బిళ్ళ అని చూపుతోనే గుర్తు.

అప్పటికి నేను మా చర్చి సంఘంలో స్త్రీల కూడికలో బైబిలు వాక్యం చెప్పేదాన్ని. అబద్ధ సాక్ష్యం పలకకూడదని ఆదివారం బడి పిల్లలకు కంఠతా పట్టించిందీ నేనే. అత్త మోకాళ్ళ కోసం మూడు రోజులు ఉపవాస ప్రార్థన పెట్టాం. మూడో రోజు ఆమె ఏడుస్తుంటే చూడలేక మధ్యాహ్నం ఒక సెట్టు తెచ్చి వేశాను. సాయంత్రానికి నొప్పి తగ్గింది. ఆదివారం మందిరంలో, దేవుడు చేసిన మేలు అందరిముందు చెప్పుకునే సాక్ష్యాల వేళ లేచి నిలబడి, ఏ మందూ లేకుండా దేవుడు మా అత్త నొప్పి తీసేశాడని చెప్పాను. పొట్లం సంగతి మరిచిపోయి కాదు. ప్రార్థన ఫలించిందని చెప్పుకోవాలన్న ఆత్రం. అందరూ చప్పట్లు కొట్టారు. అత్త ఒక్కతే నా చెయ్యి గిల్లింది.

"ఏటే, ఆ బిళ్ళలు దేవుడు ఏసినాడేటి?"

"ఊరుకో అత్తా" అన్నాను.

బుధవారానికి నొప్పి తిరిగొచ్చింది. ఈసారి సెట్టు కొంగుచాటున తెచ్చాను, సంఘం వాళ్ళెవరైనా చూస్తారని. అత్త సగం నిద్రమాత్ర వేసుకునే వేళకే అదీ మింగించాను. రెండూ కలిస్తే ఏమవుతుందన్న ఆలోచనే రాలేదు. నొప్పి దారి నొప్పిది, నిద్ర దారి నిద్రది అనుకున్నాను.

తెల్లారి ఏడైనా ఆమె లేవలేదు. కుదిపితే మూలుగు తప్ప మాట లేదు. ఊపిరి ఆగి ఆగి వస్తోంది. మా ఆయన లారీ మీద ఒడిశా వెళ్ళాడు. పిలిస్తే మా సంఘం పాస్టరమ్మ పరుగున వచ్చింది, ఆటో మాట్లాడింది. పలాస దాకా అత్త తల ఆమె ఒళ్ళోనే ఉంది.

ఆసుపత్రిలో డాక్టరు అత్త కనురెప్పలెత్తి లైటు వేసి చూశాడు.

"ఏం మందులు వాడుతున్నారు?"

"నిద్రకి సగం మాత్రండి."

"అంతేనా? నొప్పులకేమైనా వేశారా?"

పాస్టరమ్మ నా పక్కనే ఉంది. నా సాక్ష్యానికి అందరికన్నా గట్టిగా స్తోత్రం చెప్పింది ఆమే.

"లేదండి" అన్నాను.

"సగం మాత్రకి ఇలా అవ్వదే. తలలో ఏమైనా తేడా ఉందేమో, విశాఖపట్నం తీసుకెళ్ళాలి" అని ఆయన ఆక్సిజన్ పెట్టించి, కాగితాలు రాయడానికి వెళ్ళాడు. నేను వరండాలో బల్లమీద కూర్చుని కళ్ళు మూసుకున్నాను. ప్రభువా, అత్తను లేపు అన్నాను. ఆ తర్వాత మాట సాగలేదు. ఆమెను లేపగలిగే మాట నా నోట్లో ఉంది, నేను దేవుణ్ణి అడుగుతున్నాను. దాదాపు గంట అలాగే కూర్చున్నాను. పాస్టరమ్మ టీ తేవడానికి వెళ్ళాక గానీ నా కాళ్ళు కదల్లేదు.

"సార్, నొప్పుల సెట్టు కూడా వేశానండి."

"సెట్టా? అందులో ఏమున్నాయి?"

"తెలీదండి. ఒకటి తెల్లది, ఒకటి పసుపుది..."

"రంగులు నాకెందుకమ్మా!" కలం బల్లమీద విసిరాడు. "నొప్పి బిళ్ళలన్నీ ఒకటి కాదు. కొన్ని వాటంతటవే మత్తిస్తాయి. నిద్రమాత్ర మీద అవి పడితే ఊపిరే మందగిస్తుంది. ఇంకొన్ని కిడ్నీల్ని తినేస్తాయి, అందులోనూ ఇంటింటా కిడ్నీ జబ్బున్న మీ ఉద్దానంలో! ఏది ఏమిటో తెలిస్తే కలిపి వేయొచ్చో లేదో మేం చెబుతాం. ఇందాక అడిగితే లేదన్నావేం?"

షాపు పేరు చెప్పాను. షాపుకు ఫోను చేయించి పేర్లు కనుక్కున్నారు. ఒకటి మత్తుదే. విశాఖ ప్రయాణం ఆపి, దానికి తగిన వైద్యం మొదలుపెట్టారు.

సాయంత్రం అత్త కళ్ళు తెరిచి నీళ్ళడిగింది. ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని అంతా చెప్పేశాను.

"దేవుడికి తెలిసిందే గదే. డాకటరు బాబుకి సెప్పడానికేటి సిగ్గు?" అంది. "నన్ను సంపీసి నీ సాచ్చెం నిలబెట్టుకుందామనుకున్నావేటే?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆమె వేళాకోళమాడింది గానీ, ఆ గంటసేపు నేను చేసింది అచ్చంగా అదే.

తర్వాతి ఆదివారం మళ్ళీ సాక్ష్యానికి నిలబడ్డాను. సెట్టు సంగతీ, డాక్టరుకు చెప్పిన అబద్ధమూ, అంతా చెప్పాను. ఏ రెండు మందులు కలిపి వేయాలన్నా షీట్లు పట్టుకెళ్ళి ముందు డాక్టరుకు చూపించమన్నాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

మందిరం బయట పాస్టరమ్మ నా భుజం పట్టుకుంది. "నాను పక్కనున్నాననేనా, ఆ గంట నువ్వు సెప్పనేదు?"

చెప్పులు వెతుక్కుంటున్నట్టు వంగిపోయాను. ఆమె నా భుజం వదిలి వెళ్ళిపోయింది.

అత్తను నేను క్షమాపణ అడిగాను, దేవుణ్ణీ అడిగాను. పాస్టరమ్మను అడగడం నాకు చేతకాలేదు. సంఘంలో ఎవరికి బాగోలేకపోయినా ఆమె ఇప్పటికీ ఆసుపత్రికి తోడు వెళుతుంది. డాక్టరు గదిలోకి మాత్రం రాదు. "మీరెల్లి సెప్పుకోండమ్మా" అని గుమ్మం బయటే ఆగిపోయి, తలుపు తనే దగ్గరికి వేస్తుంది.