జేజి దగ్గర ఆగే పాట

ఏటా పంట ఇంటికి చేరాక వంశం పాడే ఆయన మా అరుగు మీదికి వచ్చేవాడు. తాతల పేర్లు, కోడళ్ళ పుట్టిళ్ళు వరుసగా పాడి, మా నాయనకు అమ్మ అయిన జేజి దగ్గరికి రాగానే ఆగిపోయేవాడు. జేజివి బూడిదరంగు కళ్ళు. ఆమెను కన్నతల్లి మార్కాపురం పలకగనిలో రాయి మోసిన మనిషి. తండ్రి మాత్రం, ఆ గనిని నడిపిన ఇద్దరు వేల్స్ దొరల్లో ఎవరో ఒకరని ఊరు అనుకునేది. ఆ దొరలు అన్నదమ్ములు.

పాట ఆగగానే జేజి లేచి, చేటతో జొన్నలు తెచ్చి ఆయన జోలెలో పోసేది. ఆ తర్వాత పాట మా నాయన పేరుతో మళ్ళీ మొదలయ్యేది.

నలుగురిలో ఆ మౌనం నాయనకు తలవంపులుగా ఉండేది. మిషన్ పాస్టరుగారిని బతిమాలి వేల్స్‌కు ఉత్తరం రాయించాడు. చాన్నాళ్ళకు, దొరల ఇంటి బైబిల్లో పుట్టుకలు రాసుకున్న పేజీకి నకలు వచ్చింది. పాస్టరుగారు చదివి చెప్పారు. అన్నదమ్ములిద్దరి పేర్ల కింద ‘మార్కాపురంలో ఒక ఆడపిల్ల’ అని ఉంది. ఎవరి బిడ్డో రాయలేదు.

"మాయమ్మ పేరు రాసినారా?" అని అడిగింది జేజి.

"లేదమ్మా."

ఏడుస్తుందేమోనని చూశాను. ఆమె చేట అందుకుని జొన్నలు చెరగసాగింది.

ఆ ఏడు పాటాయన, నకలు వచ్చిన సంగతి విని ఉన్నాడేమో, జేజి దగ్గరికి వచ్చి ఆగి, "దొరల ఇంటిపేరు కలపమంటావా అవ్వా?" అని అడిగాడు. నాయన తల ఊపబోయాడు.

"వద్దప్పా. ఎప్పుడూ ఆగే కాడ్నే ఆగు," అని జేజి జొన్నల కోసం లేచింది.