చెల్లెలు అని రాసిన గడి

రాయడానికి ఒక్క గడి చాలిన మాట, మోయడానికి ఆరేళ్లు చాల్లేదు. ముందు నా తెలివితక్కువతనం చెప్పేస్తాను. ఆ తర్వాత నా చెడ్డతనం చెప్పడం కాస్త తేలికవుతుంది.

నేను ఫారాలు నింపి బతికేవాణ్ని. అశోక్‌నగర్‌లో, హాస్టళ్ల మధ్య సందులో, నాదొక చిన్న ఇంటర్నెట్ సెంటర్. సర్కారు కొలువుల కోసం ఊళ్ల నుంచి వచ్చి చదువుకునే పిల్లలు నా చేతే దరఖాస్తులు పెట్టిస్తారు. "ఒక్క తప్పు పడ్డా ఏడాది పోతది, జర చూసి కొట్టన్నా" అంటారు. చూసే కొడతాను. అలాంటివాణ్ని నా భార్య ఫారమే తప్పు నింపాను. నేనుండేది చిక్కడపల్లి. పేరుకు తగ్గట్టే ఇన్నేళ్లూ ఎవరికీ చిక్కలేదు.

నా భార్య పేరు విజయ. ఆమె చెల్లెలు లలిత, కెనడాలో ఉంటుంది. నిజానికి పిన్ని కూతురు. పిన్ని పోయాక రెండేళ్ల పిల్లగా వచ్చి మా అత్తగారింట్లోనే పెరిగింది. విజయే జడ వేసి బడికి పంపింది. ఆ లలితకు మొదటి కాన్పు కష్టమనీ, మంచం దిగొద్దనీ డాక్టర్లు చెప్పారు. అక్కడ భర్త తప్ప ఆమెకు ఎవరూ లేరు. అక్క రావాలంది. విజయ ఆ సాయంత్రమే కోఠికి వెళ్లి బాలింతకు కాయం చేయడానికి దినుసులన్నీ తెచ్చి డబ్బాలో పోసుకుంది.

సందర్శకుల వీసా ఫారంలో, పిలిచినవాళ్లతో బంధుత్వం ఏమిటని ఒక గడి. సొంత చెల్లెలు అని రాశాను. ఇద్దరి తల్లిదండ్రుల పేర్లు అడిగిన చోట వేర్వేరు పేర్లు కొట్టిందీ నేనే. చూస్తూనే కొట్టాను. నా కంటికి అందులో తప్పే కనబడలేదు. పిన్ని కూతురు చెల్లెలు కాకపోతే మరేమవుతుంది? మన ఇళ్లలో ఆ ప్రశ్న ఎవరైనా అడుగుతారా? అక్కడి ఆఫీసరు అడిగాడు. చెప్పిన బంధుత్వానికీ కాగితాలకీ పొంతన లేదంటూ, వీసా ఇవ్వడం కుదరదని ఉత్తరం పంపాడు.

ఆ ఉత్తరం నా మెయిలుకే వచ్చింది. మా ఇంట్లో ఇంగ్లీషు ఉత్తరాలు చదివే పని పెళ్లయిన నాటి నుంచీ నాదే. విజయ పక్కనే నిలబడి ఉంది. చెప్పబోయాను. నిజంగానే చెప్పబోయాను. అప్పుడే లలిత భర్త, నా తోడల్లుడు రవీందర్ ఫోన్ చేశాడు. వీసా కబురు కోసం మా ఇంటికొచ్చిన అత్తగారు, బావమరిది కూడా వింటారని స్పీకర్ పెట్టాను.

"ఏమైందన్నా?"

"రాలేదు."

"ఏందన్నా, దునియా మొత్తం ఫారాలు నువ్వే నింపుతవ్, ఇంట్ల మనిషిది ఒక్కటి నింపరాలేదా? ఇగ జిరాక్సులు తీసుకుంట కూసో."

నవ్వాడు. బావమరిది కూడా నవ్వాడు. అత్తగారు నవ్వలేదు కానీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రవీందర్‌కు కారణం తెలియదు. ఊరికే అన్నాడు. ఊరికే అన్నది అక్షరాలా నిజమైపోయింది, నాకు మండింది అక్కడే. అబద్ధం అని ఉంటే వాదించేవాణ్ని. ఫోన్ పెట్టేసి విజయ వైపు తిరిగి, "మీ మరిది రాసిన పిలుపు ఉత్తరమే సరిగ్గ లేదట" అన్నాను.

ఎంత సులువుగా వచ్చింది ఆ మాట! ఎదుటివాడి మీద కోపం ఉంటే అబద్ధానికి ఆలోచన కూడా అక్కర్లేదని ఆ రోజే తెలిసింది.

రెండోసారి దరఖాస్తు పెట్టాం. ఎవరికీ చెప్పకుండా పిన్ని కూతురు అని మార్చాను. మొదట చెల్లెలన్నారు, ఇప్పుడు కాదంటున్నారు, ఏది నమ్మాలని ఆఫీసరు మళ్లీ తిప్పికొట్టాడు. వీసా రాలేదు, విసుగొచ్చింది. రవీందర్ అదే ఉత్తరం మళ్లీ పంపాడని విజయకు చెప్పాను. ఆమె చెల్లెలికి ఫోన్ చేసి, "నేనొచ్చుడు నీ మొగనికి ఇష్టం లేకుంటే సీదా చెప్పు లల్లీ, గిట్ల అడ్డం పడుడెందుకు?" అంది. మొగుణ్ని అంటే లలిత ఊరుకోలేదు. మాటకు మాట పెరిగింది. ఆ తర్వాత మాటే లేదు. లలిత ఒంటరిగా కన్నది. కాయం దినుసులకు పురుగు పట్టింది. డబ్బా కడిగింది నేనే. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు కదా? డబ్బా కడిగాను, అంతే.

ఈ చలికాలం మొదట్లో లలిత నుంచి సందేశం వచ్చింది. గర్భసంచికి పెద్ద ఆపరేషన్. "అక్కా, కోపం తర్వాత పడుదువు, ముందు రా" అని. విజయ ఫోన్ నా చేతిలో పెట్టి, "మళ్లా పెట్టు" అంది.

ఇంతకు ముందు వీసా నిరాకరించారా, ఎందుకు? ఫారంలో ఆ ప్రశ్నకు పేజీ నిండా నిజమే రాశాను. మా బంధుత్వాల సంగతి, ఫారం నింపిన నా తప్పు, రవీందర్ ఉత్తరంలో ఏ లోపమూ లేదన్న సంగతి. ముఖం తెలియని ఆఫీసరుకు, అదీ ఇంగ్లీషులో, ఎంత ధారాళంగా ఒప్పుకున్నానో. అంత పొడుగు కాగితం చూసి విజయ సంతకం ఆపింది.

"ఏం రాసినవో తెలుగుల చదువు."

రెండు వాక్యాలు దాటేస్తే ఆమెకు తెలిసేది కాదు. దాటేయలేదు. మొత్తం చదివాను. ఆమె కాగితం తన వైపు లాక్కుని, "నా చెల్లె ఒక్కతే కన్నది" అంది. సంతకం పెట్టింది. ఆ తర్వాత ప్రయాణం దాకా నాతో మాట్లాడలేదు.

వీసా వచ్చింది. ఆపరేషన్ బాగా జరిగిందట, అత్తగారు చెప్పింది. నెల రోజుల్లో విజయ భర్త దగ్గరికి తిరిగి వస్తుందని ఫారంలో నేనే రాశాను. నెల దాటి పది రోజులైంది. ఆఫీసరు నమ్మిన ఆ వాక్యాన్ని నేను నమ్మలేకపోతున్నాను. ఆమె క్షమించాలని అడగడం లేదు. ఆరేళ్లకు ఒకరి ముందు చదివాను, ఇప్పుడు మీకు రాస్తున్నాను. గుండె మీద కొంచెం గాలి ఆడుతోంది. అంతే.

ఇంకొకటి మిగిలింది. రవీందర్‌కు నేను క్షమాపణ చెప్పలేదు. మూడోసారి అతను పంపిన ఉత్తరాన్ని మూడుసార్లు చదివాను, తప్పు దొరుకుతుందేమోనని. దొరకలేదు. అంతా సరిగ్గానే ఉంది. అయినా ఫోన్ చేసి, "నోటరీ సీలు లేకుంటే నడవదు తమ్మీ" అన్నాను. సీలు ఎవరూ అడగలేదు. పాపం, సగం రోజు సెలవు పెట్టి, మోకాలి లోతు మంచులో నడిచి వెళ్లి వేయించుకొచ్చాడు. నమ్మకం కోసం నోటరీ ఆఫీసు ముందు నిలబడి ఫోటో కూడా పంపాడు. చెవులు రెండూ టమాటాల్లా ఎర్రబడ్డాయి. ఆ ఫోటో నా ఫోన్‌లో ఇంకా ఉంది. మధ్యాహ్నాలు సెంటర్‌లో ఎవరూ లేనప్పుడు తీసి చూసుకుంటాను.