గిన్నె అడుగు మాడు

మా బావ అడిగింది ఆ హోటలు వంటింట్లో ఉంది. ఉండి కూడా పెట్టలేదు. కుడితి బకెట్లో పారేసి పైన నీళ్ళు పోశారు. జరిగిన అన్యాయం ఇదీ. దీన్ని ముందే చెప్పేస్తున్నాను. మొదటినుంచీ చెప్పుకొస్తే "ఇంతేనా, మాడన్నం కోసమా ఈ గోల" అని సగంలోనే నవ్వేవాళ్ళను చాలామందిని చూశాను.

బావ అంటే మా పెద్దక్క భర్త. ఊరు నాతవరం దగ్గర. వయసులో ఉండగా కువైట్ వెళ్ళి ఒక ఇరానీ కుటుంబం దగ్గర పదకొండేళ్ళు కారు తోలాడు. చేరిన రోజు ఆ ఇంటి పెద్దావిడ అన్నం గిన్నెను పళ్ళెంలో బోర్లించి, అడుగున నేతిలో వేగి బంగారు రంగు తిరిగిన మాడును విరిచి, మొదటి ముక్క ఇతని కంచంలో వేసిందట. పనివాణ్ణని ఇలా చేసింది కాబోలని బావకు కళ్ళనీళ్ళు తిరిగాయి. మన ఇళ్ళల్లో మాడు ఎవరి వంతు? అందరూ తిని లేచాక గిన్నె గోక్కునే ఆడవాళ్ళది. మా అమ్మ అలాగే తింది, మా అక్కా అలాగే తింది. వాళ్ళలో అది అతిథికి ఇచ్చే గౌరవమని తర్వాతెప్పుడో తోటి డ్రైవరు చెబితే తెలిసింది.

తిరిగొచ్చాక బావ ఇంట్లో మాడు అడిగేవాడు. "మొగోడు మాడు తింటాడేటి, ఎవులైనా సూత్తే నా పరువేటవుద్ది" అని అక్క గిన్నె దాచేసేది. చివరికి ఇద్దరూ చెరిసగం తినడం అలవాటైంది. అక్క పోయాక అదీ లేదు.

ఈ వేసవిలో బావకు గొంతులో పుండు బయటపడింది. విశాఖలో డాక్టరు ఆపరేషన్‌కు తేదీ ఇచ్చి, దాచకుండా చెప్పాడు. ఆ తర్వాత నోటితో తినడం ఉండదు, పొట్టలోకి గొట్టం వేసి జావ పోయాల్సిందే. తిరుగు బస్సు తాళ్ళపాలెం దాటాక బావ అన్నాడు, "ఒరే, ఆ మాడు ఒక్కసారి తినాలనుందిరా. మెల్లగా నమిలితే ఇంకా దిగుతాది."

మా ఆవిడ రెండుసార్లు చేసి చూసింది. ఒకసారి బొగ్గయింది, ఒకసారి మెత్తగా ఊడొచ్చింది. సరిగ్గా అప్పుడే మా నర్సీపట్నం మెయిన్ రోడ్డులో, ఒకప్పుడు బెల్లం గోడౌను ఉన్న చోట, 'అసలైన పర్షియన్ భోజనం' అని ఫ్లెక్సీ లేచింది. పొద్దున్నే వెళ్ళి, గిన్నె అడుగున కట్టే మాడు పెడతారా అని కౌంటర్లో అడిగాను. అక్కడున్నతను ఫోన్లోంచి తలెత్తకుండానే "పర్షియన్లో ఏటి కావాలన్నా ఉంటాదండి, రండి" అన్నాడు. నమ్మాను.

ఆపరేషన్‌కు నాలుగు రోజులుందనగా, ఆ సాయంత్రమే ఏడింటికి వెళ్ళాం. బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని షేర్ ఆటోలో దిగాడు. లోపల ఏసీ, గోడ మీద ఒంటెల బొమ్మ.

"ఆళ్ళింట్లో నాలుగు కార్లుండేవిరా, ఒక్క ఒంటె లేదు," అని నవ్వాడు. నవ్వినా గొంతు నొప్పే.

వచ్చింది పసుపు రంగు కలిపిన అన్నం, ఎర్రటి చికెన్ ముక్కలు, పైన ఉల్లిపాయ చక్రాలు. బావ చెంచాతో గిన్నె అడుగుదాకా వెతికి, చెంచా పక్కన పెట్టేశాడు.

"మాడేదండీ?" అని సూపర్‌వైజర్ని అడిగాను.

"మాడా? మా దగ్గర అన్నం మాడదండి. కావాలంటే వాసన సూడండి."

"మాడింది కావాలనే అడుగుతున్నాను."

"పెద్దోరు, మీరు కూడా ఎటకారాలాడితే ఎలాగండి?"

నేను లేచి నిలబడ్డాను. ఫ్లెక్సీ మీద రాసిందేమిటి, పొద్దున్న చెప్పిందేమిటి, మాడు ఎక్కడ దాచారు అని గట్టిగా అడిగాను. పక్క బల్లల వాళ్ళు తమ అన్నం వాసన చూసుకోవడం మొదలెట్టారు.

"ఒరే, కూకో. కాదు, ఎల్దాం పద, బేగి," అని బావ నా చెయ్యి లాగాడు.

చేతులు కడుక్కోబోయాం. ఆ చోటు వంటింటి పక్కనే. తలుపు తీసే ఉంది. వంటమనిషి పెద్ద డేగిసా వంచి అట్లకాడతో అడుగు గీకుతున్నాడు. అరచేతంత ముక్కలు, నేతితో మెరుస్తూ, బంగారు రంగులో, కుడితి బకెట్లో పడుతున్నాయి.

"అదేరా," అన్నాడు బావ. గుమ్మంలోకి వెళ్ళి, "ఒక్క ముక్క ఉంచు బాబూ," అన్నాడు. ఆ గొంతుకు అంతకంటే పెద్ద మాట రాదు. వంటమనిషి బకెట్లో చెంబుడు నీళ్ళు పోసేసి, అప్పుడు తిరిగి చూశాడు.

"మాడిందని ఎవులో గొడవ సేత్తన్నారండి. ఓనరు సూత్తే నా ఉజ్జోగం పోద్దని బేగి గీకీసాను."

ఆ గొడవ చేస్తున్నది నేనే.

బకెట్లో ఒక ముక్క ఇంకా తేలుతోంది. బావ వంగబోయి ఆగాడు. నా వైపు చూసి, "వద్దులే, సొక్కా పాడవుద్ది," అన్నాడు.

ఆపరేషన్ అయింది. బావ కోడలు పూటకింత జావ గొట్టంలో పోస్తోంది. మాట కూడా పోయింది. నేను వెళితే పలక మీద రాసి చూపిస్తాడు.

హోటలు యజమానికి మూడు ఉత్తరాలు రాశాను. నా చదువు పొట్లాలు కట్టిన కాగితాలు చదివి నేర్చుకున్నదే అయినా తప్పుల్లేకుండా రాస్తాను. ఫ్లెక్సీ గురించి, కౌంటర్లో ఇచ్చిన మాట గురించి, ఇరానీల ఇంట్లో ఆ ముక్కకున్న మర్యాద గురించి నాలుగేసి పేజీలు రాశాను. బావ గొంతు సంగతి రాయలేదు, జాలి అడుక్కున్నట్టు ఉంటుందని. నేను కేకలేసిన సంగతీ రాయలేదు. మొదటి రెండింటికీ జవాబు లేదు. మూడోది నేనే వెళ్ళి కౌంటర్లో పెట్టి వచ్చాను. మొన్న జవాబొచ్చింది. బావకు ఇంకా చూపించలేదు.

"నమస్కారమండి. మీ ఉత్తరాలు ఆలస్యంగా చదివాను, క్షమించాలి. మాడు అంత గొప్ప వంటకమని మాకు నిజంగా తెలియదు. చదివాక మా వంటమనిషితో చేయించి చూశాను. ఇప్పుడు చక్కగా వస్తోంది, జనం అడిగి మరీ తింటున్నారు. ఆ రోజు మీతో వచ్చిన పెద్దాయన్ని ఒకసారి తప్పకుండా తీసుకురండి. గిన్నె ఆయన ముందే బోర్లిస్తాం. మొదటి ముక్క ఆయనదే."