బాలేష్ పేరు దగ్గర ఆగిన సారు

ఫణిభూషణ్ సారు ముప్పయ్యేళ్ళు యూనివర్సిటీలో తత్వశాస్త్రం చెప్పారు. ఒక్క పుస్తకం అచ్చు వేయించలేదు. సన్మానాలకు పిలిస్తే శాలువా దురద అని తప్పించుకునేవారు. ఆయన గురించి రాయమని మా కాలేజీ పత్రిక వాళ్ళు అడిగినప్పుడు నేనూ వారం రోజులు తప్పించుకు తిరిగాను. సారు సంగతి రాస్తే బాలేష్ సంగతి రాయాలి. బాలేష్ సంగతి రాస్తే నా సంగతి రాయక తప్పదు.

సారుది కోనసీమ. కళ్ళజోడు పెట్టెలో సుద్దముక్కలు పెట్టుకుని క్లాసుకి వచ్చేవారు. హాజరు ఎప్పుడూ పేర్లతోనే పిలిచేవారు. అమ్మానాన్నా అంత ఆలోచించి పేరు పెడితే నేను అంకె పిలవడమేంటయ్యా అనేవారు. పిలిచి, తలెత్తకుండా గొంతు వినేవారు.

1992లో నేనూ బాలేషూ గౌడవెల్లి నుంచి ప్యాసింజరు బండిలో ఎమ్మేకి వెళ్ళేవాళ్ళం. ఇద్దరిదీ ఒకటే గల్లీ. వాళ్ళ నాయిన లేడు, అమ్మ దుర్గాబాయి కూలికి పోయేది. వారంలో రెండు రోజులు బాలేష్ కుత్బుల్లాపూర్ అవతల ఒక మందుల ఫ్యాక్టరీలో డ్రమ్ములు మోసేవాడు. ఆ రోజుల్లో వాడి హాజరు నేను పలికేవాణ్ణి. వాడిది కాస్త ముక్కుతో వచ్చే సన్నటి గొంతు. దాన్ని బండిలోనే సాధన చేసి పట్టేశాను. నా అంతటి మొనగాడు లేడనుకున్నాను.

రెండో ఏడు సారు 'అభావం' పాఠం మొదలుపెట్టారు. ఈ బల్ల మీద కుండ లేదు, లేదని మీకెలా తెలిసింది అని అడిగారు. కనపడలేదు కాబట్టి అన్నాం. కనపడకపోవడం వేరు, లేకపోవడం వేరు. చూడాల్సిన చోటల్లా చూశాకే లేదనాలి, చూడకుండా లేదనేవాడు సోమరి అన్నారు. అప్పుడు బాలేష్ లేచి అడిగాడు.

"మరి కుండ ఏడికి పోయిందని ఎవరడగాలె సార్?"

అందరం నవ్వాం. సారు నవ్వలేదు. పాఠం ఆపేసి, ఇరవయ్యేళ్ళుగా రాసుకున్న తన సొంత నోట్సు తెచ్చి బాలేష్ చేతిలో పెట్టారు. క్లాసులో మొదటి మార్కు నాది. ఆ నోట్సు నాకు రావాలి. వాడు బండిలో దాన్ని నాకు చూపించబోతే ముఖం తిప్పుకున్నాను.

ఫిబ్రవరిలో ఒక పొద్దున స్టేషన్లో బాలేష్ నా చెయ్యి పట్టుకున్నాడు. "మల్లూ, గీ ఒక్కరోజు పలుకు. ఇది పోతే నా హాజరు సరిపోదు. రేపటి సంది ఇగ పనికి పోను." తలూపాను.

క్లాసులో సారు పిలిచారు, "బాలేష్." నేను నోరు తెరవలేదు. మర్చిపోయానని చాలామందికి చెప్పాను గానీ మర్చిపోలేదు. సారు మొదటిసారి తలెత్తి బెంచీల వైపు చూశారు. మళ్ళీ పిలిచారు. తర్వాత సున్నా చుట్టారు.

ఒక్క రోజు తక్కువైంది, హాల్ టికెట్ రాలేదు. సారు కాళ్ళు పట్టుకోమని నేనే వాడికి సలహా ఇచ్చాను, అంత సిగ్గులేనివాణ్ణి. రాని రోజులకు వచ్చినట్టు రాయమని ఎట్ల అడుగుత అన్నాడు. నన్ను ఎందుకు పలకలేదని కూడా అడగలేదు. పూర్తి షిఫ్టుకు కుదిరాడు. మే నెలలో ఫ్యాక్టరీలో డ్రమ్ము పేలింది. వాణ్ణి మూట కట్టి తెచ్చారు, ముఖం చూడనివ్వలేదు.

జూన్‌లో కొత్త పిల్లలు వచ్చారు. నేను సారు దగ్గరే పరిశోధనకు చేరి వెనక బెంచీలో కూర్చునేవాణ్ణి. సారు అందరి పేర్లూ పిలిచి, చివర "బాలేష్" అన్నారు. ఆగారు. చాలాసేపు ఆగాక పాఠం మొదలుపెట్టారు. మర్నాడూ అంతే. రిటైరయ్యేదాకా తొమ్మిదేళ్ళు అంతే. పిల్లలకు భయమేసి మూడో బెంచీ చివర ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. ఒకసారి ఎవడో అల్లరికి ప్రెజెంట్ సార్ అన్నాడు. సారు సుద్దముక్కలు పెట్టెలో సర్దుకుని వెళ్ళిపోయి నాలుగు రోజులు రాలేదు.

రిటైరయ్యాక శామీర్‌పేటలో, తమవైపు ఉద్యోగులు ఇళ్ళు కట్టుకున్న కాలనీలో చేరారు. నాకు మేడ్చల్‌లో లెక్చరర్ పని దొరికింది. ప్రతి ఆదివారం వెళ్ళేవాణ్ణి. గాలి మళ్ళితే జవహర్‌నగర్ చెత్త కంపు వస్తుందని సారు భార్య మనోరమమ్మగారు కిటికీలు మూసేవారు. సరిగ్గా పదింటికి సారు ముందుగదిలో ఖాళీ ప్లాస్టిక్ కుర్చీల వైపు తిరిగి హాజరు పిలిచి, చివర బాలేష్ దగ్గర ఆగేవారు. ఇదంతా నేను దుర్గాబాయి పెద్దమ్మకు చెప్తుండేవాణ్ణి. ప్రతి సోమవారం గడపలో నిలబడి అడిగేది, నిన్న పిలిచిండా అని. పిలిచిండు అంటే సల్ల తాగి పొమ్మనేది. ఆ మజ్జిగ ఒక్క గుక్కలో తాగేసి బయటపడేవాణ్ణి.

2006లో సారు మంచం పట్టారు. ఇక ఇంటికి తీసుకెళ్ళమన్నారు డాక్టర్లు. ఆ ఆదివారం మనోరమమ్మగారు నన్ను వాకిట్లోనే ఆపి అడిగారు, ఇన్నేళ్ళుగా పిలుస్తున్న ఆ అబ్బాయి ఎవరని. తెలియదన్నాను. అని లోపలికి నడిచాను. ఇవాళ చెప్పకపోతే చెప్పడానికి ఇక మనిషి ఉండడు.

పదయింది. మిగతా పేర్లు పిలిచే ఓపిక లేదు ఆయనకు. "బాలేష్" అన్నారు.

"ఆ రోజు కావాలనే పలకలేదు సార్," అన్నాను. "మీరు వాడికి నోట్సు ఇచ్చారని."

సారు కళ్ళు తెరవలేదు. "తెలుసయ్యా. వాడి గొంతు, నీ గొంతు తెలియనంత చెవిటివాణ్ణా? నువ్వు పలుకుతావనే రెండోసారి పిలిచాను. వాడు ఎక్కడికి పోతున్నాడని నేను మాత్రం ఒక్కరోజైనా అడిగానా?"

"మరి ఇన్నేళ్ళూ నన్నెందుకు అడగలేదు సార్?"

"రోజూ అడిగాను కదయ్యా."

నేను మంచం కోడు పట్టుకుని ఏడ్చాను. ఆయన నా తల మీద చెయ్యి వేయలేదు. వాళ్ళమ్మకు చెప్పు, అని మాత్రం అన్నారు. గురువారం పోయారు.

దహనం నుంచి నేరుగా గౌడవెల్లి వెళ్ళాను. చెప్పే మాటలు బస్సులోనే కూర్చుకున్నాను. పెద్దమ్మ గడపలో కూర్చుని ఉంది. సారు పోయారన్నాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇగ నా కొడుకు పేరు ఎవలు పిలుస్తరు మల్లూ?"

నా వైపే చూస్తూ ఆగింది. అచ్చం సారు ఆగినట్టే. మాటలన్నీ నాలుక మీదే ఉన్నాయి. నేను ఆ రోజూ పలకలేదు.