పికప్ మీద అల్యూమినియం గది

మేమిద్దరం దుబాయ్‌లోనే ఉన్నామంటే మా పాలకొల్లు వైపు వాళ్ళు, "ఇంకేం, మొగుడూ పెళ్ళాం ఒక్కచోటే ఉన్నారుగా" అనేవారు. వాళ్ళకు ఆ దేశమంతా దుబాయే. మా ఆయన పెద్ద భవనాలకు అల్యూమినియం కిటికీలు బిగించే కంపెనీలో పని చేస్తూ దుబాయ్‌లో అల్ కుసైస్ లేబర్ క్యాంపులో ఉండేవారు. నేను కొండలకు అవతల, కల్బాలో ఓ ఆసుపత్రి నర్సుల క్వార్టర్స్‌లో ఉండేదాన్ని. ఆయన క్యాంపు గేటు ఆడవాళ్ళు దాటకూడదు. మా క్వార్టర్స్ మెట్లు మగవాళ్ళు ఎక్కకూడదు. మేం భార్యాభర్తలమని చెప్పే సర్టిఫికెట్ నా హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ ఉండేది. అది పట్టుకుని వెళ్ళి తలుపేసుకునే గది మాత్రం ఎక్కడా లేదు. ఇల్లు అద్దెకు తీసుకునే స్తోమత మాకు లేదు.

నాకు సెలవు పడిన శుక్రవారం టాక్సీలో నలుగురితో పాటు కూర్చుని, మసాఫీ కొండల మీదుగా షార్జా వచ్చేదాన్ని. అక్కడ వారం సెలవు శుక్రవారమే కాబట్టి చర్చిలో ప్రార్థన కూడా ఆ రోజే. ఆయనా దుబాయ్ నుంచి వచ్చేవారు, ప్రార్థన అయ్యాక ఓ కెఫెటేరియాకు వెళ్ళేవాళ్ళం. అక్కడ ఫ్యామిలీల కోసం కర్టెన్ వేసిన చిన్న అర ఉండేది. టీ అయిపోతే ఇంకో టీ చెప్పాలి, లేదంటే లేవాలి. పెళ్ళయిన కొత్తలోనే నేను ఇక్కడికి వచ్చేశాను. ఆయన ఏడాది తర్వాత వచ్చారు. అందుకని ఆయన చేతులు టేబుల్ మీద ఎలా పెట్టుకుంటారో, చక్కెర ఎంత వేసుకుంటారో కూడా ఆ కర్టెన్ వెనకే తెలుసుకున్నాను.

2004 చలికాలంలో ఓ రోజు ఆయన ఫోన్ చేసి, "మనకో ఇల్లు దొరికిందే" అన్నారు.

"ఇల్లేంటండీ? ఎక్కడ?"

"చూపిస్తాలే. నవ్వకూడదు మరి."

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో నెల్లూరు నుంచి వచ్చిన ఒక సాయిబు గారు గ్యారేజీ నడిపేవారు. అందరూ ఆయన్ను భాయ్ అనే పిలిచేవారు. అక్కడికి అల్యూమినియం రేకు కత్తిరించుకోవడానికి వెళ్ళిన మా ఆయనకు, షెడ్డు వెనక నాలుగు నూనె డ్రమ్ముల మీద నిలబెట్టిన డబ్బా ఒకటి కనబడింది. అమెరికా వాళ్ళు పికప్ బండి వెనకాల ఎక్కించుకుని ఊళ్ళు తిరిగే గది అది. మొత్తం అల్యూమినియం. ముందు భాగం డ్రైవర్ క్యాబిన్ నెత్తి మీదికి వచ్చేలా పొడుచుకొచ్చి ఉంటుంది, అందులో పడక. ఎవరో తెల్లాయన దేశం వెళ్ళిపోతూ వదిలేశాడట. నేను చూసేనాటికి అద్దాలు లేవు, తలుపు వేలాడుతోంది, లోపల వాచ్‌మన్ పావురాలు పెంచుతున్నాడు.

నేను నవ్వలేదు. ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని లోపలికి తొంగి చూశాను. నేల మీద ప్లైవుడ్ కుళ్ళిపోయి, అడుగు వేస్తే మెత్తగా దిగింది.

భాయ్ వెనకే వచ్చి నిలబడ్డారు. "ఏంది మ్మా, మీ ఆయన దీనికాడికొస్తే కదలడే? బాగుచేసుకోనీ. బాగయితే మీది. కాకపోతే నాకు జాగా అన్నా ఖాళీ అవుద్ది."

పావురాలు షెడ్డు పైకి మారాయి. ఆయన ప్రతి శుక్రవారం, నేను వీలైన శుక్రవారం, ఆ డబ్బా మీద పడ్డాం. ముందు రెట్ట గోకి కడిగాం. కుళ్ళిన నేల పీకేసి కొత్త ప్లైవుడ్ వేశారు. లోపలి గోడలు విప్పితే అల్యూమినియం పక్కటెముకలు బయటపడ్డాయి. మనిషి ఎక్స్‌రే చూస్తున్నట్టు నేను చాలాసేపు చూశాను. ముందు భాగంలో దేనికో గుద్దుకుని పెద్ద సొట్ట ఉంది. ఆ రేకు తీసేసి కొత్తది వేయాలి. దానికి ఇద్దరు మనుషులు కావాలి. బయట నుంచి ఒకరు గన్‌తో రివెట్ కొడుతుంటే, లోపల ఇంకొకరు ఇనుప కమ్మీ ఆనించి పట్టుకోవాలి.

"నేను ఒకసారి తడితే సిద్ధమని. నువ్వు తిరిగి తట్టాకే కొడతాను. చెయ్యి అడ్డం పెట్టకు."

ఆయన బయట, నేను లోపల. రేకు అవతలి నుంచి టక్ మనేది. నేను కమ్మీతో టక్ మనేదాన్ని. తర్వాత చెవులు పగిలే చప్పుడు. భుజాల దాకా అదురు. ఆ పని చేసిన శుక్రవారాల్లో మేం మాట్లాడుకున్న మాటలు చాలా తక్కువ. కానీ నా జీవితంలో ఆయనకు అంత అవసరమైన మనిషిగా నేను ఇంకెప్పుడూ లేను అనిపిస్తుంది.

పాత డబ్బాను పాతలాగే ఉంచుతూ కొత్త సౌకర్యాలన్నీ పెట్టాలని ఆయన పట్టుదల. గోడల మధ్య వేడి రాకుండా థర్మాకోల్ నింపారు. వైరింగ్ మొత్తం మార్చారు. పైకప్పులో గాలి లాగే ఫ్యాన్, వెనకవైపు సెకండ్‌హ్యాండ్ ఏసీ, చిన్న సింకు, రెండు పొయ్యిలు. డ్రమ్ముల బదులు నాలుగు మూలలా జాకీలు పెట్టారు. నేను క్వార్టర్స్‌లో మా పక్క మంచం మలయాళీ అమ్మాయి కుట్టుమిషన్ తీసుకుని కర్టెన్లు కుట్టాను. సీట్లకు మొదట రెగ్జిన్ వేశాం. చెమటకు వీపు అంటుకుపోతోందని విప్పేసి నూలు గుడ్డ వేశాను.

ఇలా రెండు చలికాలాలు గడిచాయి. మధ్యలో ఎండాకాలం ఆ రేకు మీద చెయ్యి పెట్టలేకపోయేవాళ్ళం.

ఆ రోజుల్లోనే మా వార్డులో ఒకాయన చేరాడు. కరీంనగర్ వైపు మనిషి, మేస్త్రీ పని. నా పేరు పట్టీ మీద తెలుగు పేరు చూసి, "అక్కా, నువ్వు మనోళ్ళ పిల్లవేనా?" అన్నాడు. నాకంటే పెద్దవాడే, అయినా అక్కా అన్నాడు. మరునాడు పరిస్థితి బాగా పాడైంది. ఆయన చెప్పేది ఎవరికీ అర్థం కాక నన్ను పిలిచారు. నీళ్ళు కావాలా, నొప్పా అని అడిగాను. "ఏం వద్దక్కా. జర కూసో" అన్నాడు. నేను కూర్చోలేకపోయాను, ఇంకో మంచం దగ్గర పిలుస్తున్నారు. మళ్ళీ వచ్చేసరికి ఆయన లేడు.

డ్యూటీ దిగగానే మా ఆయనకు ఫోన్ చేశాను. "ఏవండీ, ఇవాళ వార్డులో..." అన్నాను.

"ఆఁ, విను. పైన అతుకు దగ్గర నీళ్ళు ఆగుతున్నాయే. ఈ శుక్రవారం పాత సిలికాన్ గోకేసి కొత్తది పట్టించాలి. ఆరాక బకెట్లతో నీళ్ళు పోసి చూద్దాం. నువ్వొస్తావా?"

వస్తానన్నాను. ఫోన్ పెట్టేశాక గది బయట బట్టలు ఆరేసే చోట నిలబడ్డాను. నాలుగు మాటలు చెప్పుకోవడానికి మనిషి లేకపోతే ఒంటరితనం అంటారు. మనిషి ఉండి, ఫోన్ ఎత్తి, సిలికాన్ గురించి చెబితే ఏమనాలో నాకు తెలియలేదు. తర్వాత కూడా అంతే. ఎప్పుడు ఫోన్ చేసినా రివెట్లు, రేకు, రబ్బరు బీడింగు. నేనూ కర్టెన్ రింగుల గురించి చెప్పడం నేర్చుకున్నాను.

డబ్బా పూర్తయింది. భాయ్ తన పికప్ ఇచ్చారు. జాకీల మీద పైకెత్తి, కింద బండిని వెనక్కి నడిపించి, మెల్లగా దించారు. గ్యారేజీలో పనివాళ్ళంతా వచ్చి చూశారు. వాచ్‌మన్ ఒక్కడే, పావురాలు ఇందులో బాగా గుడ్లు పెట్టేవని బాధపడ్డాడు. భాయ్ గ్యారేజీ డ్రైవర్‌ను పిలిచి, "యల్లా, ఇంక కదులు. నిదానంగా తోలు. కల్బాలో వీళ్ళని దించి, రేపు మద్యాన్నం పోయి ఎక్కించుకోని రా" అన్నారు.

కల్బాలో ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోట, మడచెట్ల పక్కన, డ్రైవర్ డబ్బాను జాకీల మీద దించి పికప్‌తో వెళ్ళిపోయాడు. సాయంత్రం కావస్తోంది. నేను పొయ్యి వెలిగించి టీ పెట్టాను. ఆయన తలుపు వేసి గడియ పెట్టారు. పెళ్ళయ్యాక ఈ దేశంలో మేం వేసుకున్న మొదటి గడియ అది. ఎదురెదురుగా కూర్చున్నాం. టీ తాగాం.

తర్వాత ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలియలేదు.

ఆయన కిటికీ బీడింగు తడిమారు. లేచి పైన ఫ్యాన్ తిప్పి చూశారు. సింకు కింద వంగి పైపు పట్టుకుని, "ఇక్కడ కొంచెం..." అన్నారు.

"అక్కడేం లేదండీ. కూర్చోండి" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

కూర్చున్నారు. ఆయన మొహం చూస్తే పని ఐపోయిన మనిషి మొహంలా లేదు. పని పోయిన మనిషి మొహంలా ఉంది. నాకు కోపం, జాలి రెండూ వచ్చాయి. మా వార్డులో పోయిన మేస్త్రీ సంగతి అప్పుడు చెప్పాను. కూర్చోమంటే కూర్చోలేకపోయానని చెప్పాను. ఏడుపొచ్చింది. ఆ రోజు ఫోన్ చేస్తే మీరు సిలికాన్ అన్నారు అని కూడా అనేశాను.

ఆయన మెల్లగా, "గదిలో అందరూ వింటారే" అన్నారు.

"ఏంటి?"

"ఫోన్ మాట్లాడుతుంటే గదంతా చెవులే. దుప్పట్లో దూరి మాట్లాడినా వింటారు. నిన్ను ఎలా ఉన్నావని అడిగితే, పక్క మంచం వాడు మర్నాడు అదే గొంతుతో అని చూపిస్తాడు, అందరూ నవ్వుతారు. డబ్బా గురించైతే ఎవడి ముందైనా మాట్లాడొచ్చు. నీతో ఏదోటి మాట్లాడాలి కదా. అందుకని అదే మాట్లాడేవాణ్ణి."

నేను చెయ్యి చాచి ఆయన చెయ్యి పట్టుకున్నాను. రివెట్ గన్ పట్టి పట్టి అరచెయ్యి గరుకుగా ఉంది. ఆ సాయంత్రం ఆయన వాళ్ళమ్మ గురించి, పై అంతస్తుల్లో గాలికి అద్దం పట్టుకుని నిలబడినప్పుడు వేసే భయం గురించి చెప్పారు. ఆగి ఆగి చెప్పారు. అలవాటు లేని భాషలో మాట్లాడుతున్నట్టుగా. పొద్దున్నే లేచి చూస్తే కిటికీ అవతల నీళ్ళ ఒడ్డున తెల్ల కొంగలు. డ్రైవర్ వచ్చే దాకా మేం తలుపు తీయలేదు.

తర్వాత దాదాపు మూడేళ్ళు, నాకు సెలవు దొరికిన ప్రతి శుక్రవారం, గ్యారేజీ వెనక ఆ డబ్బాయే మా ఇల్లు. ఏసీ వేసుకుని, పప్పూ గోంగూరా వండుకుని తినేవాళ్ళం. అయినా నెలలో ఎక్కువ రోజులు ఎవరి మంచం వాళ్ళదే. శుక్రవారం సాయంత్రం టాక్సీ ఎక్కేటప్పుడు ఒంట్లో బరువు, డబ్బా లేని రోజుల కంటే ఎక్కువయింది. ఇల్లంటూ ఉన్నాక దాన్ని వదిలి వెళ్ళడం కూడా ఉంటుంది కదా.

2008 చివర్లో భవనాల పనులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆయన కంపెనీ చాలామందికి వీసా పొడిగించలేదు. అందులో ఆయనా ఉన్నారు. నా కాంట్రాక్టు ఇంకా మిగిలి ఉంది. ఇద్దరం వెళ్ళిపోతే ఇంటి దగ్గర గడవదని నేను ఉండిపోయాను. విమానాశ్రయంలో ఆయన వెనక్కి తిరిగి, "భాయ్‌కి తాళం ఇచ్చెయ్యి. పైన ఫ్యాన్ మూత వేసి ఇవ్వు, వానొస్తే తడుస్తుంది" అన్నారు. ఆ మాట ఈసారి నాకు సరిగ్గానే అర్థమైంది.

నేను ఒక్కదాన్నే వెళ్ళాను. గిన్నెలు సంచిలో సర్దాను. కర్టెన్లు విప్పబోయి ఆగి, వదిలేశాను. తాళం చేతికిస్తే భాయ్ వెంటనే తీసుకోలేదు.

"ఎవురికన్నా ఇమ్మంటావా మ్మా? నా కాడుంటే మళ్ళా పావురాళ్ళ పాలే."

"ఎవరైనా భార్యాభర్తలుంటే ఇవ్వండి భాయ్."

కొన్ని వారాలకు ఫోన్ చేశారు. వాళ్ళ ఊరివాళ్ళేనట. అబ్బాయి డ్రైవరు, అమ్మాయి ఒక అరబ్బుల ఇంట్లో పని. సెలవు రోజు వచ్చి చూసుకున్నారట. "ఆ పిల్ల లోపలికి పోయి తలుపేసుకోని ఎంతసేపటికీ బయటికి రాలా. నేను పిలవబోతే మొగుడు వద్దన్నాడు" అని చెప్పి భాయ్ నవ్వారు. నేనూ నవ్వాను. మంచిదైంది అన్నాను.

ఆ తర్వాత నేను కల్బా దాటి వెళ్ళడం దాదాపు మానేశాను. శుక్రవారం డ్యూటీ ఎవరికీ ఇష్టం ఉండదు. నేనే అడిగి వేయించుకునేదాన్ని.